రిజిస్టరులో దొరికిన తండ్రి

ఈమధ్య మా వీధి కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి, "తాతగారూ, మీరు తాలూకాఫీసులో రికార్డులు చూసేవారట కదా, మా ముత్తాతల వివరాలు ఎక్కడ దొరుకుతాయండి?" అని అడుగుతున్నారు. అడగండి, మంచిదే. ఏ ఊరి కట్ట ఏ బీరువాలో ఉండేదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ దానికి ముందు నేను చేసిన ఒక ఘనకార్యం వినాలి. వినే ఓపిక లేకపోతే ఇంకో ముసలాణ్ణి చూసుకోండి.

ముప్ఫై ఏళ్ళకు పైగా కాగితాలు మోసిన మనిషిని నేను. తెనాలిలో చేరాను, బాపట్లలో ముగించాను, మధ్యలో రేపల్లె. రేపల్లె తాలూకాఫీసు రికార్డు గది నా చేతికి వచ్చింది అరవైల నడిమిన. ఇల్లు తెనాల్లోనే. పొద్దున బండెక్కి వెళ్ళి సాయంత్రం బండికి తిరిగొచ్చేవాణ్ణి. దారిలో వేమూరు దాటేదాకా పేకాట, ఆ తర్వాత కునుకు.

ఆ రోజుల్లో పుట్టుకలూ చావులూ ఊళ్ళో మునసబు రాసేవాడు. ఆ పుస్తకాలు చివరికి మా గదికి చేరేవి. బారసాల కాకముందే రాసేవాళ్ళు కనుక బిడ్డ పేరు అందులో ఉండదు. తేదీ, ఆడా మగా, తండ్రి పేరు, కులం, కబురు చెప్పినవాడి పేరు, అంతే. అంచేత ఎవరి పుట్టుక వెతకాలన్నా ఊరూ తేదీ తండ్రీ మూడూ కుదరాలి. ఆ పనిలో నేను మొనగాణ్ణి. ఏళ్ళ తరబడి దొరకనిది కూడా పూటలో తీసి బల్లమీద పెట్టేవాణ్ణి. "ఏవయ్యా, ఆ చెదపురుగులు నీ చెవిలో ఏమన్నా చెబుతాయా?" అనేవాడు మా హెడ్ గుమాస్తా. ఆ మాటకి నేను లోపల్లోపల ఎంత పొంగిపోయేవాణ్ణో!

ఒక మధ్యాహ్నం అరవై ఏళ్ళ పెద్దాయన ఒకాయన వచ్చాడు. రంగూన్ నుంచి తిరిగొచ్చిన మనిషి. మా వైపు రంగం అనేవాళ్ళు. అప్పట్లో అక్కణ్ణించి మనవాళ్ళు ఓడలకు ఓడలు దిగుతున్నారు. గళ్ళ లుంగీ, గుడ్డ సంచి, ఎండకి నల్లబడ్డ మొహం. కుడి ముక్కుకి కుట్టిన రంధ్రం, పూడీ పూడకుండా ఉంది. నేను అటెండరు వైపు వంగి, "ముక్కుపుడక ఓడలో పోగొట్టుకున్నాడు కాబోలు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన పేరు చెప్పను. చెత్తకుప్పని గుర్తుచేసే పేరు, కన్నవాళ్ళు కావాలని పెట్టే పేరు అని మాత్రం చెబుతాను.

"మాది ఇక్కడికి నాలుగు మైళ్ళండి బాబూ" అంటూ ఊరి పేరు చెప్పాడు. "పదిహేనేళ్ళప్పుడు మా నాన్న మీద అలిగి రంగం పోయానండి. బియ్యం మిల్లులో చేశాను. నా ఆడది అక్కడే పోయింది, పిల్లల్లేరు. ఇప్పుడు అక్కడి సర్కారోళ్ళు పొమ్మన్నారు, వచ్చేశాను."

"అయితే ఏం కావాలి?"

"మా అక్క ఉందండి. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. నన్ను చంకనేసుకుని పెంచింది. మా నాన్న మా బావని ఇల్లరికం తెచ్చుకున్నాడు, ఇల్లూ పొలమూ వాళ్ళ పేరనే ఉన్నయ్యి. బావ పోయాడు. అక్కకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందంట. లోపల మంచంలో ఉంది. మేనల్లుళ్ళు నన్ను వాకిలి దాటనీటం లేదండి. ఎవడో పొలం కోసం వచ్చాడంటున్నారు. నాకు పొలం వద్దురా, ఒక్కసారి అక్కకి కనపడి పోతానన్నా వినరు. మా తాత కొడుకువని కాయితం తీసుకురా, అప్పుడు చూద్దాం అన్నారు."

"ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టలేదా?"

"నా ఈడువాళ్ళు ఉంటేగా. ఉన్న ఒకరిద్దరూ వాళ్ళతో తగువెందుకని నేలచూపులు చూస్తున్నారండి."

పుట్టిన తేదీ ఆయనకి నోటికే ఉంది. కృష్ణా పుష్కరాలకి ముందటేడు, వినాయక చవితి వెళ్ళిన మూడోనాడు. వాళ్ళక్క ఏటా ఆ రోజున తలంటి పోసేదట. తిథిని తేదీకి మార్చుకోవడం నాకెంతసేపు? స్టాంపు అంటించిన అర్జీ తీసుకుని వారంలో రమ్మన్నాను.

వారం ఎందుకు, రెండో రోజుకే పుస్తకం దొరికింది. ఆ ఊళ్ళో ఆ తేదీన పుట్టిన మగబిడ్డ ఒక్కడే. కానీ తండ్రి పేరు ఈయన చెప్పింది కాదు. ఒక కుమ్మరి పేరు ఉంది. ఈయన రైతుబిడ్డనన్నాడు. నాకు భలే ఉత్సాహం వచ్చింది. ముందు వెనకా పదేళ్ళ పుస్తకాలు తిరగేశాను. ఈయన చెప్పిన రైతుకి ఒక ఆడపిల్ల, ఆ తర్వాత వరసగా ముగ్గురు మగపిల్లలు పుట్టారు. ఆ ముగ్గురూ చావుల పుస్తకంలో నెలలు తిరక్కుండానే కనబడ్డారు. ఆ తర్వాత ఆయనకి పుట్టిన బిడ్డంటూ ఎక్కడా లేడు.

అడిగినదానికి నకలు రాసిచ్చి ఊరుకోవడమే నా పని. ఊరుకుంటే నేనెందుకవుతాను? నకలు కింద, ముత్యాల్లాంటి అక్షరాలతో, "అర్జీదారు చెప్పిన తేదీన గ్రామంలో జన్మించిన మగశిశువు ఒక్కడే, అతని తండ్రి పైన చెప్పిన కుమ్మరి, అర్జీదారు పేర్కొన్న రైతుకి ఆ కాలంలో జీవించి ఉన్న పుత్ర సంతానం నమోదు కాలేదు" అని నా సొంత పాండిత్యం చేర్చాను. ఆ మూడు ముక్కలూ రాయమని నన్నెవరూ అడగలేదు.

పెద్దాయన వచ్చాడు. చదివి వినిపించాను. కాసేపు ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక, "కాదు బాబూ, ఆ కుమ్మరి మా వీధి చివర ఉండేవాడండి. వాళ్ళావిడ నన్ను కొన్నదండి, అంతే..." అన్నాడు.

నేను పూర్తి చెయ్యనివ్వలేదు. "కొనుగోళ్ళూ అమ్మకాలూ రిజిస్ట్రారాఫీసులో చూస్తారు పెద్దాయనా. అది పక్క సందులో ఉంది" అన్నాను.

ఆఫీసంతా నవ్వింది. హెడ్ గుమాస్తా కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. పెద్దాయన మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు.

"నేను అబద్ధం చెప్పటం లేదండి" అన్నాడు.

"మీరు చెప్పకపోవచ్చు. రికార్డు అసలే చెప్పదు" అన్నాను నేను. ఆ మాట చాలా గొప్పగా ఉందనుకున్నాను కూడా.

ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రేపల్లెలోనే సత్రం అరుగుమీద పడుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

నాలుగు రోజులకి ఆయన పెద్ద మేనల్లుడు దిగాడు. ఇస్త్రీ పంచె, చేతి గడియారం. ఆ నకలు తనకీ ఒకటి కావాలన్నాడు. అర్జీ పెట్టినవాడికి ఇవ్వాలి కనుక ఇచ్చాను. "మీలాంటి నిజాయితీపరులు ఉండబట్టే మాబోటివాళ్ళం బతుకుతున్నామండి" అని హోటలుకి తీసుకెళ్ళి కాఫీ ఇప్పించాడు. తాగాను. బాగుందని ఇంకో అరకప్పు కూడా తాగాను.

ఆ నకలుని వాళ్ళు మునసబు అరుగు మీద పదిమందినీ కూర్చోబెట్టి చదివించారట. కుమ్మరివాడి కొడుకు రైతుబిడ్డనని దొంగవేషం వేసుకొచ్చాడన్నారట. మళ్ళీ ఆ వీధిలో కనబడితే పోలీసులకి పట్టిస్తామని ఆయన్ని ఊరి పొలిమేర దాకా నడిపించారు. ఈ సంగతంతా అటెండరు మోసుకొచ్చాడు. నేను, "మరి తాలూకాఫీసంటే ఏంటనుకున్నాడు!" అన్నాను.

ఆ శనివారం రాత్రి ఇంటిదగ్గర భోంచేస్తూ, ఈ కథని తమాషాగా మా అమ్మకి చెప్పాను. ముక్కుపుడక జోకు దగ్గర్నుంచీ మొదలుపెట్టాను. అమ్మ మజ్జిగ పోస్తున్నది ఆగిపోయింది.

"ముక్కు కుట్టి ఉందిట్రా ఆయనకి?"

"ఉంది. కుడివైపు."

"పేరేంటన్నావు?"

మళ్ళీ చెప్పాను. అమ్మ గిన్నె కింద పెట్టేసింది.

"నీ చదువు తగలెయ్య! మీ పెద్దన్న ముక్కు ఎప్పుడూ చూళ్ళేదట్రా? వాడికి ముందు ఇద్దరు పోతే, వాణ్ణి చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, ఎదురింటి మంగలామెకి చేటెడు తవుడుకి అమ్మలేదూ నేను? పరాయిబిడ్డకి పాలిచ్చినట్టు ఇచ్చుకున్నానురా వాడికి. మా బిడ్డంటే చావు మళ్ళీ పట్టుకుపోతుందని. ఆ ముసలాయన కొన్నదని చెబుతుంటే నీకు బుద్ధి ఏమైందిరా?"

నాకు తెలియదని చెబితే అది పచ్చి అబద్ధం. మా అన్న ముక్కుని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. వరసగా పిల్లలు పోయిన ఇళ్ళలో ఇలా చేస్తారని మా వైపు తెలియనివాడెవడు? కానీ ఆఫీసు బల్ల వెనక కూర్చుంటే అవన్నీ నాకు గుర్తుండేవి కావు. పుస్తకంలో ఉన్నదే మనుషులకి జరిగిందని నా నమ్మకం.

సోమవారం వెళ్ళి పుస్తకం మళ్ళీ తీశాను. చివరి గడి, అంటే కబురు చెప్పినవాడెవరో రాసే గడి, నేను మొదట చూడనే లేదు. ఎవరూ చూసేవారు కాదు. కుమ్మరికి మగబిడ్డ పుట్టాడని మునసబుకి కబురు చెప్పినవాడు ఎవరనుకున్నారు? ఆ రైతే. పెద్దాయన తన తండ్రని చెప్పిన ఆ రైతే. ఎవరో కుమ్మరింట్లో బిడ్డ పుడితే ఆ కబురు పట్టుకుని ఊరి మోతుబరి స్వయంగా ఎందుకు వెళతాడు? ముగ్గురిని పూడ్చుకున్న మనిషి, నాలుగోవాడి పక్కన తన పేరు రాస్తే వాడూ దక్కడని, తన బిడ్డని తనే ఇంకొకడి పేరున రాయించి వచ్చాడు. రికార్డు అబద్ధం చెప్పలేదు. నేనే పూర్తిగా చదవలేదు.

హెడ్ గుమాస్తాకి చూపించాను. ఆయన తల గోక్కుని, "కొట్టేసి రాసే అధికారం మనకి లేదయ్యా. ఆ కుమ్మరోళ్ళలో తెలిసినవాళ్ళెవరన్నా బతికుంటే వాంగ్మూలం పట్టుకురా. తాసీల్దారు గారి చేత ఒక ముక్క రాయిద్దాం" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు వినండి. మొదటిదానికంటే ఇదే పెద్దది. అప్పటికప్పుడు సత్రానికి పోయి, ఆయన్ని వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళి, "నేను రాసింది తప్పు, ఈయన మీ మేనమామే" అని నలుగురి ముందూ అంటే సరిపోయేది. నాలుగు మైళ్ళు, గంటన్నర నడక. అనలేకపోయాను. చేతిలో కాగితం లేకుండా నోటితో తప్పు ఒప్పుకోవడమంటే నాకు చచ్చేంత నామోషీ. సెలవు అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని ఆదివారం దాకా ఆగాను.

కుమ్మరి కుటుంబం ఎప్పుడో బాపట్ల వెళ్ళిపోయిందని వాకబులో తెలిసింది. ఆదివారం తెనాల్లో రైలెక్కి బాపట్లలో దిగి, వాళ్ళ వీధి పట్టుకున్నాను. ఆ కుమ్మరి కూతురు ఉంది, డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. చక్రం కొడుకులకి వదిలేసి ఎండబెట్టిన కుండలకి కాపలా కూర్చుంది. సంగతి చెప్పగానే ఆమె మొహం విప్పారింది.

"ఆ పిల్లోడు బతికే ఉన్నాడా బాబూ! చేట పట్టుకున్నది నేనేగా. తవుడు మా అమ్మ కొలిచింది. ఆ పిల్లోడి అక్కా నేనూ ఒక ఈడువాళ్ళం. ముక్కు కుట్టేటప్పుడు వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆ పిల్ల తన ముక్కు పట్టుకుని తనూ ఏడ్చింది. నాకింకా గుర్తే."

వాంగ్మూలం రాసి వేలిముద్ర వేయించుకున్నాను. సోమవారం తాసీల్దారు గారు క్యాంపులో ఉన్నారు. మంగళవారం ఏదో మీటింగు. బుధవారం సంతకం అయింది. కాగితం తళతళలాడుతోంది. పట్టుకుని సత్రానికి వెళితే అరుగు ఖాళీగా ఉంది. పక్కనున్న సోడా కొట్టు మనిషి చెప్పాడు. "వాళ్ళక్క పోయి ఇవ్వాళ్టికి పదో రోజండి. రోజూ పొద్దున్నే పోయి ఆ ఊరి కాలవ గట్టున కూర్చుని వస్తన్నాడు."

లెక్క వేసుకున్నాను. మా అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టిన శనివారానికి ఆమె బతికే ఉంది. సోమవారం నేను చివరి గడి చదివేటప్పటికీ బతికే ఉంది. నేను ఆదివారం దాకా ఆగుదామనుకున్న ఆ రాత్రే పోయింది. ఆ తర్వాత సంతకం కోసం తిరిగిన రోజులు ఎవరికీ పనికిరాని రోజులు.

మర్నాడు పెద్దకర్మ. బుద్ధున్నవాడు వెళ్ళడు. వెళ్ళాను. వాకిట్లో పందిరి, విస్తళ్ళు, వంటల వాసన. పెద్దాయన కాలవ అవతల గట్టున, గుండు చేయించుకుని, తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. వాళ్ళక్క శవాన్ని ఊరి బయట నుంచి కూడా చూడనివ్వలేదట. నేను కాగితం మేనల్లుడి చేతికిచ్చాను. అతను చదువుకున్నాడు. తమ్ముడికి చూపించాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. గుసగుసలు. తిరిగొచ్చేసరికి మొహాలు మారిపోయాయి.

"మావయ్యా! అక్కడ నిలబడ్డావేంటి? రా, రా, తెలియక జరిగింది. నీ ఇల్లు ఇది" అని పెద్దవాడు వంతెన దాటి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన ఇంకా పందిట్లోకి అడుగు పెట్టకముందే చిన్నవాడు స్టాంపు కాగితం తెచ్చి బల్లమీద పరిచాడు. ఆస్తిలో తనకే హక్కూ లేదని రాసిచ్చే కాగితం. మేనమామ అని రుజువైతే ఇది అవసరమని ముందే రాయించి పెట్టుకున్నారు. అంటే వాళ్ళకి ముందునుంచీ తెలుసు.

పెద్దాయన దాన్ని చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"కుమ్మరోళ్ళ బిడ్డనని ఊరందరికీ చదివి వినిపించారు గదరా. అదే ఉంచుకోండి. కుమ్మరోడికి మీ పొలంలో హక్కేముంది, సంతకం ఎందుకు?" అన్నాడు. ఆ తర్వాత నేను తెచ్చిన కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. "దీన్ని మీ బీరువాలో దాచుకోండి బాబూ. మీకు కాయితాలంటే ఇష్టం."

చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

నేను గడ్డివాము పక్కనుంచి రోడ్డెక్కబోతుంటే, ఆ ఇంట్లో పనిచేసే ముసలమ్మ వెనకాలే వచ్చింది. మంచంలో ఉన్నామెకి ఏడాదిగా సేవ చేసింది ఆమే.

"అయ్యా, మీరు ఆఫీసాయనంటగా. ఒక మాట చెబుతాను, ఎవరితో అనబాకండి. ఆయన మొదటి రోజు వాకిట్లో నిలబడి అక్కా అని పిలిచాడండి. అప్పట్నుంచీ మా అమ్మగారు ఎడం చెయ్యి, అదొక్కటే ఆడేది, దాన్ని ఎత్తి కుడి ముక్కు మీద పెట్టి పొడుచుకునేది. పెట్టటం, తలుపు వంక చూట్టం. పెట్టటం, తలుపు వంక చూట్టం. పోయేదాకా అదే. పడిశం పట్టిందని ఈళ్ళు శొంఠి గంధం రాశారండి."

నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దాయన సంచి భుజానేసుకుని గట్టు దిగుతున్నాడు. పిలిచి చెప్పి ఉండాల్సింది. చెబితే, ఆమె మంచంలో అలా తలుపు వంక చూసిన రోజుల్లో నేనేం చేస్తున్నానో కూడా చెప్పాలి. కాఫీ సంగతి చెప్పాలి. ఆదివారం సంగతి చెప్పాలి. ఆయన బాధపడతాడని చెప్పలేదనుకున్నాను. కాదు. పిరికితనం.

చేసిన ఒకే ఒక్క మంచిపని, ఆ వారమే ఆయన్ని చెరుకుపల్లి మీదుగా బస్సెక్కించి బాపట్లలో కుమ్మరామె దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె గుమ్మంలోనే, "రారా తమ్ముడూ. కొన్నామే గానీ నిన్ను తిరిగి అమ్మలేదు" అని నవ్వింది. ఆయన అరుగుమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. మట్టి తొక్కేవాడు, బండిమీద కుండలు సర్దేవాడు.

డెబ్భైల్లో నాకు బాపట్ల బదిలీ అయింది. అప్పుడప్పుడూ ఆ వీధికి వెళ్ళేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ ఈరోజు చెప్పేద్దామనుకునేవాణ్ణి. ఒకసారి ఆయనే అడిగాడు. "మా అక్క మర్చిపోయే ఉంటదంటారా బాబూ నన్ను? అన్నేళ్ళాయె." నేను, "ఎందుకు మర్చిపోతారండి, అలా అనుకోకండి" అన్నాను. ఎవరైనా అనే మాటే అన్నాను. ఆయన తల ఊపి మట్టి తొక్కుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ చలికాలంలోనే పోయాడు.

కర్మ అయ్యాక నేను వెళ్ళి ఆ కుమ్మరామెకి చెప్పాను. ఎడం చెయ్యి, కుడి ముక్కు, తలుపు, శొంఠి గంధం, అన్నీ చెప్పాను. చెబితే నా బరువు తగ్గుతుందనుకున్నాను కాబోలు.

"ఇన్నేళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి పోయావా బాబూ?" అంది. "ఆడు రంగం నుంచి వచ్చింది ఆ ఒక్క మాట కోసమే గదయ్యా."